ఎనిమిది దగ్గర అరిగిన పండ్లు

రాణిగంజ్‌ల మా దుకాణం మెట్ల కింద.
తల వంచకుండ ఎవ్వరూ లోపలికి రారు.

సుహృత అనే పిల్ల కారు దిగి
గుడ్డల చుట్టిన దాన్ని బల్ల మీద పెట్టింది.
తాంబాళమంత మీటరు, ఆవిరి ఒత్తిడి కొలిచేది.
జుమ్మేరాత్ బజార్ల కొన్నదట, బేరమాడకుండ.
"స్వీడన్‌ది అంకుల్. పొగ ఓడ.
గుజరాత్ ఒడ్డున ముక్కలు చేసిన్రట.
మాది కాఫీ హోటల్, గోడకు పెడ్తం.
పని చెయ్యనవసరం లేదు, మెరిస్తే చాలు."

పని చెయ్యనవసరం లేదు.
నలభై ఏండ్ల సంది ఈ బల్ల ముందు కూసున్న,
ఈ మాట ఎవ్వరూ అనలే.

నేను సముద్రం చూడలే.
నీళ్ళంటే నాకు హుస్సేన్‌సాగర్,
అది గూడ బస్సు కిటికీల నుంచి, ముక్కు మూసుకొని.
కానీ ఆవిరి తెలుసు.
మా నాయిన ఆజామాబాద్‌ల బట్టల మిల్లు బాయిలరుకు
బొగ్గు ఏసినోడు. చేతుల మీద ఎంటికలు మొలవకపోయేవి.
అన్నం ముద్ద గూడ పార పట్టినట్టే పట్టేటోడు.

మూడు మరలు ఊడదీస్తే మూత లేసింది.
లోపల తారు వాసన, చల్లారిన మసి,
ఇంకేదో, చేపదో ఏమో, నేననుకున్నదో.
కొడవలి తీరు వంగిన గొట్టం, దాని కొసకు
విసనకర్ర లెక్క చిన్న పండ్ల చక్రం.
భూతద్దం పెట్టి చూసిన.

అన్ని పండ్లు నిన్న కోసినట్టున్నయి.
ఎనిమిది దగ్గర మాత్రం నాలుగు,
ముసలి ఎద్దు పండ్ల లెక్క నున్నగ అరిగినయి.
మూడు దగ్గర ఇంకో రెండు, కొంచెం తక్కువ.

ఎనిమిదంటే నడుస్తున్నది.
మూడంటే రేవుల నిలవడ్డది,
పొయ్యి ఆర్పకుండ, దుంగలెక్కేదాకా,
మంచు ఇడిచేదాకా, ఎవరో సారు సంతకం పెట్టేదాకా.
ఎన్ని జెండాలు మార్చిందో పండ్లు చెప్పవు.
పది మీద ఎర్ర గీత. అటు దిక్కు ఒక్క పన్ను అరగలే.
ఒక్కనాడు గూడ హద్దు దాటలేదేమో,
లేకపోతే దాటిననాడు ఎవడో ఉరికొచ్చి ఆవిరి ఇడిచిండు.
ఆ ఎవడో నాకు తెలిసినోడే. వానికి కనుబొమలుండవు.

మూత లోపల సూదితో గీకిన రాతలు:
1913. 1929. 1951.
మూడు చేతులు. బాగుచేసినోళ్ళ పేర్లు, నాకు చదవరావు.
ఒక అక్షరం నెత్తిన సున్నా ఉంది.
మన సున్నా మర్యాదగ పక్కన కూసుంటది,
వాళ్ళది నెత్తి మీదికెక్కింది,
గాలి లేని పూట పొగగొట్టం మీద ఆగిన ఉంగరం తీరు.

చింతపండుతో తోమిన. రాతల మీద తోమలే.
వాటి కింద ఈ ఏడు గీకిన, పేరు రాయలే.
గొట్టం పగులుకు వెండి టాకా ఏసిన, ఎవరూ అడగలే.
రాత్రి షట్టర్ సగం దించి
పరీక్ష పంపుకు తగిలించి నూనె ఒత్తిన.
ముల్లు కదలలే.
కదలలే.
తర్వాత ఒక్క ఉలికిపాటుతో మూడు దాటి
ఎనిమిది దగ్గరికొచ్చి వణుక్కుంట నిలవడ్డది,
చీకట్ల గూడ తన గడప ఎరిగినట్టు.
నాయిన ఉంటే "పార దించు, చాలు" అంటుండె.

పొద్దుగాల సుహృత వచ్చింది.
"అంకుల్, ముల్లు ఎనిమిది మీద అతికిస్తరా?
ఫోటోల మంచిగ కనవడ్తది."
బల్ల మీద జిగురు సీసా ఉండె. మూత గూడ తీసే ఉండె.

"లేదమ్మా" అన్న.
"కావాల్నంటే పైసలు తగ్గించుకో.
దాన్ని సున్నా మీద పండుకోనియ్యి."